వీధిలో సంభాషణ – డాక్యుమెంటరీ సమస్యలు

ఈ మధ్య మన యువ రచయితల్లో డాక్యుమెంటరీ తీయాలన్న ఉత్సాహం బలంగా కనిపిస్తున్నది. సంతోషించదగిన విషయమే. ఇరవై ఏళ్ల కిందట కెమెరా అంటే అద్దెకు తెచ్చుకోవలసిన వస్తువు. ఇప్పుడది ప్రతి ఒక్కరి జేబులో ఉంది. అయితే కాగితం చౌక అయినంత మాత్రాన మంచి కథలు పుట్టనట్లే, ఫోను చేతికి వచ్చినంత మాత్రాన మంచి చిత్రాలు రావు. నేను చూసిన వాటిలో చాలా చిత్రాలది ఒకటే పద్ధతి. ముందు ఒక గంభీరమైన గొంతు కరువును గురించి ఉపన్యసిస్తుంది. నడుమ ఒక రైతు రెండు మాటలు మాట్లాడతాడు. ఆ గొంతు అంతకుముందే చెప్పేసిన దానికి ఈ రెండు మాటలు సాక్ష్యం. ఆ రైతును తీసేసినా చిత్రానికి లోటేమీ రాదు. అతను ఆ చిత్రంలో పాత్ర కూడా కాదు, ఉదాహరణ మాత్రమే.

దీనికి భిన్నమైన పద్ధతి మరొకటి ఉంది. మనం ఉంటున్న వీధిలోనే, రోజూ చూస్తూ కూడా పేరు తెలియని మనుషులతో మాట్లాడి, ఆ మాటల్లోంచే చిత్రాన్ని కట్టడం. ఈ వ్యాసం ఆ పద్ధతిని గురించి. రాయచోటిలో మేము నలుగురం ఒక వీధిని పట్టుకుని చేసిన చిన్న ప్రయత్నం నాకు ఆధారం. అందులో మేము చేసిన తప్పులు ఇంకా ఎక్కువ ఆధారం.

ముందు కొంచెం చరిత్ర. 1935లో లండన్‌లో ఆర్థర్ ఎల్టన్, ఎడ్గార్ ఆన్‌స్టే అనే ఇద్దరు ‘హౌసింగ్ ప్రాబ్లమ్స్’ అన్న చిన్న చిత్రం తీశారు. మురికివాడల్లో ఉండేవాళ్లు తమ గదుల్లోనే నిలబడి, కెమెరా వైపు చూస్తూ, పురుగుల గురించీ ఎలుకల గురించీ తామే చెప్పారు. కార్మికుడు తెరమీద తన గొంతుతో తన ఇంటిని గురించి మాట్లాడడం అప్పటికి కొత్త. ఆ చిత్రానికి డబ్బు పెట్టింది గ్యాసు కంపెనీల సంఘం అన్న సంగతి కూడా మరిచిపోరాదు. కొత్త ఇళ్లు కడితే కొత్త గ్యాసు పొయ్యిలు అమ్ముడవుతాయి. బీదవాడి గొంతు వినిపించాలన్న కోరిక వెనుక ఎవరి అవసరం ఉందన్న ప్రశ్న, చూశారా, ఈ పద్ధతి పుట్టినప్పుడే దానితోపాటు పుట్టింది.

రెండో మెట్టు 1960. భుజాన మోయగల తేలిక కెమెరా, దానితో జతగా నడిచే నాగ్రా టేప్ రికార్డరు అప్పటికి చేతికి వచ్చాయి. జాన్ రూష్ అనే మానవశాస్త్రజ్ఞుడు, ఎడ్గార్ మోరాన్ అనే సామాజికశాస్త్రజ్ఞుడు ఆ వేసవిలో పారిస్ వీధుల్లో పోయేవాళ్లను ఆపించి “మీరు సుఖంగా ఉన్నారా?” అని అడిగించారు. ‘ఒక వేసవి వృత్తాంతం’ అన్న ఆ చిత్రం 1961లో వచ్చింది. అందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది వీధి ప్రశ్న కాదు, చివరి ఘట్టం. తీసిందంతా అందులో మాట్లాడిన వాళ్లకే చూపించి, వాళ్ల వాదులాటను కూడా చిత్రించారు. ఒకరు ఇదంతా నటన అన్నారు, మరొకరు ఇంత బట్టబయలుగా మాట్లాడడం సిగ్గుచేటన్నారు. దర్శకులిద్దరికీ ఏం చెప్పాలో తోచలేదు. ఆ తోచకపోవడాన్ని దాచుకోకుండా చిత్రంలో ఉంచడమే వాళ్ల నిజాయితీ.

మన దేశంలో 1948లో ఏర్పడిన ఫిలిమ్స్ డివిజన్ చిత్రాలు సినిమా హాళ్లలో అసలు సినిమాకు ముందు తప్పనిసరిగా పడేవి. ఆ సంస్థ ఇప్పుడు విడిగా లేదు గాని, దాని గొంతు మాత్రం మన చెవుల్లోంచి పోలేదు. మన కుర్రవాళ్లు కరువు మీద చిత్రం తీయగానే ఆ ప్రభుత్వ గొంతు వాళ్లకు తెలియకుండానే నోట్లోకి వస్తుంది. విప్లవాన్ని గురించి మాట్లాడినా ఆనకట్ట ప్రారంభోత్సవం లాగే ధ్వనిస్తుంది.

ఇక్కడ సాహిత్య విద్యార్థులకు తెలిసిన ఒక పోలిక చెబుతాను. సీమ కథల్లో చాలాకాలం ఒక ఏర్పాటు ఉండేది. కథనం శిష్ట వ్యవహారికంలోనూ, పాత్రల మాటలు మాండలికంలోనూ నడిచేవి. చెప్పేవాడు ఒక మెట్టు పైన, మాట్లాడేవాడు ఒక మెట్టు కింద. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’ కథల్లో కథనాన్నే మాండలికంలోకి దించినప్పుడు తీసేసింది ఆ మెట్టునే. వ్యాఖ్యానం ఉన్న డాక్యుమెంటరీకీ సంభాషణ మీద నిలిచిన డాక్యుమెంటరీకీ తేడా సరిగ్గా ఇదే. వ్యాఖ్యానాన్ని తొలగించడం శిల్పానికి సంబంధించిన సరదా కాదు, ఎవరు ఎవరిని గురించి చెప్పవచ్చునన్న విషయంలో ఒక వైఖరి.

వీధి ఎంత ఉండాలి? ఆనియెస్ వార్దా 1970ల నడుమ తీసిన ‘దాగెర్రియోటైప్స్’ దీనికి మంచి సమాధానం. ఆమెకు అప్పుడు పసివాడు ఉన్నాడు, ఇల్లు వదిలి పోలేదు. తన ఇంటి మీటరు నుంచే కరెంటు తీగ లాగి, ఆ ఎనభై తొంభై మీటర్ల తీగ ఎంతదూరం పోతే అంతదూరమే చిత్రం తీయాలని నియమం పెట్టుకున్నది. రొట్టెలంగడి, మాంసం కొట్టు, దర్జీ, మంగలి, అత్తరు అమ్మే ముసలి దంపతులు – అంతా పారిస్‌లో ఆమె ఉండే దాగెర్ వీధి వాళ్లే. “ఏ ఊరు మీది? ఎప్పుడొచ్చారు? మీ ఇద్దరికీ పరిచయం ఎట్లా అయింది?” ఇంతకు మించి పెద్ద ప్రశ్నలు లేవు. చూస్తూ పోతే పారిస్ వాళ్లనుకున్న వాళ్లలో చాలామంది పల్లెల నుంచి వలస వచ్చినవాళ్లని తెలుస్తుంది. ఎవరూ ‘వలస’ అన్న మాట వాడరు. ఇల్లు కదలలేని ఆడమనిషి ఇబ్బందే ఆ చిత్రానికి రూపమైంది.

బ్రెజిల్ దర్శకుడు ఎడువార్దో కుటీన్యో 2002లో ‘ఎడిఫీసియో మాస్టర్’ తీశాడు. రియోలో కొపకబానా తీరం దగ్గర పన్నెండంతస్తుల భవనం, 276 ఇళ్లు. ఆ భవనంలోనే ఒక ఇల్లు నెల రోజులు అద్దెకు తీసుకుని ఆయన బృందం అక్కడే ఉన్నది. ముందుగా పోయి మాట్లాడింది సహాయకులు. కుటీన్యో మాత్రం ఆ మనుషులను కెమెరా తిరిగే రోజునే మొదటిసారి కలిసేవాడు. ఎందుకంటే మనిషి తన కథను మొదటిసారి చెప్పినట్లు రెండోసారి చెప్పడు. రెండోసారి చెప్పేటప్పుడు అది పాఠం అవుతుంది. హరికథలు చెప్పేవాళ్లకు ఇది కొత్త సంగతి కాకపోవచ్చు గాని, మనం మాత్రం “ఇందాక చెప్పినట్లే మళ్లీ చెప్పండి” అని అడుగుతూనే ఉంటాం.

మనకు వీటిలాంటి సంప్రదాయం లేదనుకోవడం పొరపాటు. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి వదిలేసిన తరువాత, కల్నల్ మెకంజీ తరఫున పనిచేసిన మనుషులు ఊరూరా తిరిగి కైఫియత్తులు రాయించారు. కడప జిల్లా ఊర్ల కైఫియత్తులు ఇప్పుడు అచ్చులో దొరుకుతాయి. అవి కూడా అడిగి రాసుకున్నవే. కాకపోతే అడిగింది ఎక్కువగా కరణాలనూ గ్రామ పెద్దలనూ, చూసింది వాళ్ల దగ్గరి దండకవిలెలను. గుడి మాన్యం ఎంతో తెలుస్తుంది, ఆ మాన్యంలో కలుపు తీసిన ఆడమనిషి ఏమన్నదో తెలియదు. సంభాషణ అన్నంత మాత్రాన ప్రజల మాట కాదు. ఎవరిని అడిగామన్నదే ముందు ప్రశ్న.

ఆ ప్రశ్నను తలకిందులు చేసిన పుస్తకం హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలతో మాట్లాడి, వాళ్ల మాటల్లోనే వాళ్ల జీవితాలను అచ్చువేశారు. తుపాకీ పట్టిన రోజుల గర్వంతోపాటు, 1951లో పోరాటం విరమించాక తమను వంటింటికి పొమ్మన్నారన్న బాధ కూడా అందులో బయటపడింది. అభ్యుదయ శిబిరంలో కొందరికి అది రుచించలేదు. రుచించకపోయినా విన్నాం, వినవలసి వచ్చింది. అదే సంఘటన యుగాంతర్ అనే చిత్రబృందంతో కలిసి 1983లో ‘ఇది కథ మాత్రమేనా?’ తీసింది. ఇంట్లో జరిగే హింసను గురించి తమలో తాము మాట్లాడుకుంటూ తయారుచేసుకున్న చిత్రం. యుగాంతర్ అంతకుముందు పూనాలో ఇంటిపని చేసే స్త్రీలతోనూ, నిపాణి పొగాకు కార్ఖానా స్త్రీలతోనూ కలిసి రెండు చిత్రాలు తీసింది. జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత స్త్రీలు ఇంకొంచెం ముందుకు పోయి, కెమెరాను తామే పట్టుకున్నారు. పైనుంచి కిందికి, కిందనుంచి పైకి చూసే చూపుల్లో దొరతనమూ బానిసత్వమూ ఉన్నాయని వాళ్లు పట్టుకున్నారు. కంటికి సమానమైన ఎత్తులో తీసేదానికి ‘సంఘం షాట్’ అని పేరు పెట్టారు. చిత్రకళ మీద రాసిన లావుపాటి పుస్తకాల్లో ఇంత సూటిగా చెప్పినవి నాకు తక్కువ కనిపించాయి.

ఇక మా వీధి. రాయచోటి మాండవ్య ఒడ్డున ఉంది. ఏట్లో నీళ్ల కంటే ఇసుకను చూసిన రోజులే ఎక్కువ. 2022లో జిల్లా కేంద్రం అయినప్పుడు అద్దెలు పెరిగాయి. మేము తీసుకున్న వీధిలో ఒక దర్జీ అంగడి, రెండు టీ బంకులు, ఒక మాంసం కొట్టు, ఒక మోటారు వైండింగు షెడ్డు, నలభై దాకా ఇళ్లు. సగం మంది గాలివీడు, చిన్నమండెం, వీరబల్లి వైపు నుంచి బోర్లు ఎండిపోయి వచ్చినవాళ్లు. మూడు ఇళ్లకు ఒక ఇల్లు కువైటు డబ్బుతో కట్టింది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది.

మొదటి వారం మేము తెచ్చుకున్నదంతా పనికిరాకుండా పోయింది. కారణం మా ప్రశ్నే. “మీ సమస్యలేమిటి?” అని అడిగాం. ఆ ప్రశ్న అడిగేవాళ్లు సీమలో ఇద్దరే: ఓట్లకొచ్చేవాడు, సర్వేకొచ్చేవాడు. కనుక వాళ్లకిచ్చే సమాధానమే మాకూ వచ్చింది. “రోడ్డు లేదు సార్, నీళ్లు లేవు సార్, పింఛను రాలేదు సార్.” అబద్ధం ఒక్కటీ లేదు. కాని అది అర్జీ భాష. అర్జీలో మనిషి ఉండడు, దరఖాస్తుదారు ఉంటాడు.

రెండో వారం మాలో ఒక అమ్మాయి, ఇంటి ముందు వరసగా ఉన్న మూడు నీలం డ్రమ్ములు చూసి, మాటవరసకు “ఈ డ్రమ్ములు ఎప్పుడు కొన్నారవ్వా?” అని అడిగింది. ఆ అవ్వ, “రెండు పాతవే. ఈ మూడోది కోడలొచ్చిన వారంలో కొన్నింది నాయనా. ఇంట్లో ఇంకో మనిషొస్తే రెండు సాలవు గదా” అన్నది. అక్కడి నుంచి కోడలి పుట్టిల్లు, ఆ ఊర్లో ఇంకా నీళ్లున్న బావి, ఇక్కడికొచ్చాక ఆ పిల్ల రెండు బిందెలతో తలంటుకోవడం నేర్చుకున్న సంగతి, ట్యాంకరు వచ్చే రోజున పనికి పోకుండా ఇంట్లో ఎవరో ఒకరు కాపు ఉండాల్సిన సంగతి వరసగా వచ్చాయి. ‘నీటి సమస్య’ అన్న మాట ఆమె నోట రానే లేదు. ఇరవై నిమిషాలు మాట్లాడింది నీటిని గురించే. వస్తువును గురించి, తేదీని గురించి, ఎవరు ఎక్కడ నిలబడ్డారన్న దాన్ని గురించి అడగాలి, అభిప్రాయం అడగరాదు. అభిప్రాయం అడిగితే మనిషి పత్రికలో చదివింది చెబుతాడు.

రెండో చిక్కు భాష. ఫోను జేబులో ఉన్నంతసేపు “వస్తాండారు, పోతాండారు” అన్న మనిషి, ఫోను బయటికి తీయగానే “వస్తున్నారు, పోతున్నారు” అంటాడు. దీన్ని వట్టి భయం అనుకోరాదు. 1997లో ‘ప్రేమించుకుందాం రా’, 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఇంద్ర’ – ఇట్లా ఒక దశాబ్దం పాటు తెలుగు సినిమా సీమను కత్తులూ సుమోల తావుగా చూపించింది. ఈ యాస తెరమీదికి వస్తే పక్కన వేటకొడవలి ఉంటుందని మా వాళ్లకు తెలుసు. అందుకే కెమెరా చూడగానే యాసను లోపల పెట్టుకుంటారు. మోటారు వైండింగు షెడ్డాయన నాతో అన్నాడు: “మా మాట మాట్లాడితే నవ్వుతారన్నా, లేకుంటే భయపడతారు.” దీనికి ఉపాయం ఒక్కటే: అడిగేవాడు కూడా అదే యాసలో అడగడం. నేను ఉద్యోగరీత్యా పుస్తకభాషకు అలవాటుపడినవాణ్ణి, నాకు చేతకాలేదు. మా నలుగురిలో చదువు తక్కువైనవాడే మంచి సంభాషణలు తెచ్చాడు.

తెచ్చిన మాటను ఎడిటింగులో చంపే ప్రమాదం కూడా ఉంది. కోస్తా వైపు నుంచి సాయానికి వచ్చిన మిత్రుడొకరు “లెక్క ఇయ్యల్ల” అన్న మాటకు కింద అక్షరాల్లో ‘లెక్క చెప్పాలి’ అని వేశాడు. మా దగ్గర లెక్క అంటే డబ్బు. అప్పు తీర్చాల్సిన మనిషి మాట, పద్దులు చూపాల్సిన గుమాస్తా మాటగా మారిపోయింది. ఉర్దూ సంగతి ఇంకా కష్టం. దర్జీ భాయి మాతో తెలుగులో, లోపలి నుంచి కేకవేసిన భార్యతో దక్కనీలో, ఒకే ఊపిరిలో మాట్లాడతాడు. ఆ కేకను అంతరాయమని కోసేయబోయాం. తరువాత చూస్తే ఆయన మనసులో మాట ఉన్నది ఆ దక్కనీ ముక్కలోనే.

యంత్రం సంగతి రెండు మాటల్లో. బొమ్మ కొంచెం చెడినా జనం చూస్తారు, మాట వినపడకపోతే లేచిపోతారు. చొక్కాకు తగిలించే చిన్న మైకు కెమెరా కంటే ముఖ్యం. సీలింగు ఫ్యాను ఆపమని అడగాలి. ఏప్రిల్‌లో అది అడగడం సాహసమే. మాట ఆగిన తరువాత పది సెకండ్లు రికార్డు ఆపకండి. మనిషి అసలు సంగతి చెప్పేది తరచు అప్పుడే.

ఇప్పుడు మా తప్పు. ట్యాంకరు నడిపే కుర్రవాడొకడు వేసవిలో ఒక ట్యాంకరుకు ఎంత తీసుకుంటారో, అందులో తనకు ముట్టేదెంతో నవ్వుతూ చెప్పాడు. బాగుందని మాలో ఒకరు ఆ ముక్కను స్నేహితుడికి వాట్సాప్‌లో పంపారు. అది వీధులన్నీ తిరిగి రెండు రోజుల్లో ట్యాంకరు యజమానికి చేరింది. ఆ కుర్రవాడికి పదిహేను రోజులు పని లేకుండా పోయింది. మేము పోయి క్షమాపణ చెప్పుకున్నాం. అతను మమ్మల్ని తిట్టలేదు, “మీకేం సార్” అన్నాడు. ఆనంద్ పట్వర్ధన్ 1985లో బొంబాయి పేవ్‌మెంటు వాసుల మీద తీసిన ‘హమారా షహర్’లో ఒక స్త్రీ, మా బొమ్మలు తీసుకుని పేరు సంపాదించుకోవడం తప్ప మాకేం చేస్తావని దర్శకుణ్ణే నిలదీస్తుంది. పట్వర్ధన్ దాన్ని కోసేయకుండా ఉంచాడు. ఆ దృశ్యాన్ని మేము ఎన్నోసార్లు చూసి మెచ్చుకున్నవాళ్లమే. మెచ్చుకోవడం వేరు.

అనుమతి అంటే కాగితం మీద వేలిముద్ర అనుకుంటాం. మాట్లాడే రోజున మనిషికి ఆ మాట ఎక్కడెక్కడికి పోతుందో తెలియదు, కనుక ఆ రోజు ఇచ్చిన అనుమతికి విలువ తక్కువ. కోసి అతికించిన తరువాత తన ముక్కను తాను చూసి, ఉంచమనో తీసేయమనో చెప్పే హక్కు ఉండాలి. మేము అప్పటి నుంచి ఇదే నియమం పెట్టుకున్నాం. దాని ఖరీదు కూడా చెప్పాలి. ఇంటిపని వీసా మీద కువైటుకు పోయి ఆరేళ్లు చేసి వచ్చిన ఒక స్త్రీ, మొదట రెండు రోజులు అక్కడి ఏసీ చలిని గురించే మాట్లాడింది. మూడో రోజున, పోయేటప్పుడు ఏజెంటుకు కట్టడానికి ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చిందీ, మొదటి రెండేళ్ల జీతం ఆ వడ్డీకే ఎట్లా పోయిందీ అంకెలతో సహా చెప్పింది. నాలుగు నిమిషాలు. మా చిత్రంలో అంతకంటే బలమైన భాగం లేదు. చూపించినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడకుండా ఉండి, “ఆ లెక్క సంగతి తీసెయ్ నాయనా, మా బావోళ్లకు తెలీదు” అన్నది.

తీసేశాం. దీనిపై మాలో పెద్ద వాదన జరిగింది. ఒక మిత్రుడి వాదం ఇది: గల్ఫ్ వలసకు పునాది వడ్డీ వ్యాపారమే, దాన్ని తీసేస్తే మిగిలేది ఒక ఆడమనిషి చలి జ్ఞాపకం, అది వాస్తవికత కాదు. వాదం బలమైనదే. నా సమాధానం: వడ్డీని గురించి చెప్పడానికి వ్యాసం ఉంది, నివేదిక ఉంది, పేరు మార్చి కథ రాసుకోవచ్చు. కథలో మనం మనిషిని దాచి నిజం చెప్పగలం, డాక్యుమెంటరీలో ముఖాన్ని దాచలేం. ఈ ప్రక్రియకున్న హద్దు అది. హద్దు తెలియకుండా వాడితే, మనం ఎవరి పక్షాన ఉన్నామని చెప్పుకుంటున్నామో వాళ్లకే నష్టం చేస్తాం. ఆ మిత్రుడు ఇప్పటికీ ఒప్పుకోలేదు.

పదకొండు గంటల మాటల్లోంచి ముప్పై నాలుగు నిమిషాలు మిగిలాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైటులోకి వచ్చినప్పుడు అమ్మాన్ మీదుగా ఇంటికొచ్చిన ఒక పాత డ్రైవరు మాటలతో చిత్రం మొదలవుతుంది. ఆ రెండు నెలల్లో దాదాపు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో తెచ్చారని పుస్తకాల్లో ఉంది. ఆయన చెప్పింది మాత్రం విమానం వరసలో నిలబడి పక్కవాడితో సగం పంచుకున్న ఖుబ్బూస్ రొట్టెను గురించి, ఆ పక్కవాడి పేరు అడగకపోవడాన్ని గురించి.

మొదటి ప్రదర్శన వీధిలోనే, ఒక మిద్దె గోడకు తెల్ల దుప్పటి కట్టి. సగం మాటలు ఎవరికీ వినపడలేదు. ఎవరి ముఖం వస్తే వాళ్ల ఇంటివాళ్లు కేకలు వేశారు. డ్రమ్ముల అవ్వ తన మాటలకు తానే నవ్వింది. కోడలు మాత్రం, తలంటు సంగతి నన్ను అడక్కుండా ఎందుకు చెప్పినావని అక్కడికక్కడే అత్తను నిలదీసింది. అడగవలసింది మేము, అవ్వ కాదు. ఎదురు వరస ఇళ్లవాళ్లు తమవైపు ఒక్కరినీ ఎందుకు తీయలేదని పట్టుబట్టారు. దర్జీ భాయి మాత్రం చివరిదాకా ఉండి, వాళ్ల నాయన అంగడి పెట్టింది తాను చెప్పిన ఏడాది కాదని, అంతకు ముందు కరువు ఏడాదని, రాత్రి ఇంట్లో లెక్కేసుకుంటే తేలిందని చెప్పాడు. అది కూడా రికార్డు చేసుకున్నాం. ఎదురు వరస ఇళ్లలో వచ్చే ఆదివారం నుంచి కూర్చోబోతున్నాం; కోడలితో ముందుగా మాట్లాడాలి.